రక్తం నడిచే దారి చెప్పిన మైఖేల్ సెర్వేటస్

మిరప కోతలకు గుంటూరు వైపు వలసలు సాగుతున్న రోజుల్లో మేము ఆలూరు వెళ్లాము. ఆదివారం ఆరాధనకు వచ్చినవారిలో ఎక్కువమంది ముసలివారు, వారి దగ్గర వదిలి వెళ్లిన పిల్లలు. ఆరాధన ముగిశాక ఒక పెద్దమ్మ కూతురితో కలిసి మా దగ్గరకు వచ్చి, చేతి సంచిలోంచి ఎకో పరీక్ష కాగితం తీసి చూపించింది. నాలుగడుగులు నడిస్తే ఆయాసం, సాయంత్రానికి పాదాల వాపు. చిన్నప్పుడు కీళ్ళవాతపు జ్వరం వచ్చిందట. దానివల్ల గుండె ఎడమ వైపు కవాటం ఒకటి సన్నబడిందని, ఇప్పుడు కుడి వైపు గది పెద్దదైందని డాక్టరు చెప్పాడు. ఆమె మమ్మల్ని అడిగింది ఒక్కటే. జబ్బు ఎడమ పక్కన ఉంటే కుడి పక్క ఎందుకు చెడింది? రెండింటికీ మధ్యన గోడ ఉందని కూడా ఆ డాక్టరే చెప్పాడు గదా?

ప్రార్థన చేయమని అడుగుతుందనుకుని నిలబడిన మాకు ఈ ప్రశ్న ఎదురయ్యేసరికి కాస్త తడబాటు కలిగింది. తోచినంత చెప్పి, ప్రార్థన చేసి వచ్చాము. తిరుగు దారిలో ఆదోని బస్సులో కూర్చున్నప్పుడు, ఆ గోడ గురించి యూరపులో మొట్టమొదట అచ్చు పుస్తకంలో సరిగ్గా రాసిన మనిషి గుర్తుకు వచ్చాడు. అతడు వైద్యుడే గాని, ఆ సంగతి రాసింది వైద్య గ్రంథంలో కాదు, పరిశుద్ధాత్మను గూర్చిన చర్చలో. ఆ పుస్తకం కారణంగా అతణ్ణి సజీవంగా కాల్చారు. కాల్చినవారు ఎవరో పరాయివారు కారు. సంఘ సంస్కరణకు పట్టుకొమ్మ అని మనం చెప్పుకునే జెనీవా పట్టణం వారు. అందుకే ఈ వారం అతని జీవితం రాస్తున్నాము.

ముందు గుండె సంగతి కొంచెం. గుండె కింది భాగంలో రెండు గదులుంటాయి. వాటిని జఠరికలు అంటారు. ఒళ్ళంతా తిరిగి వచ్చిన రక్తాన్ని కుడి జఠరిక ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ గాలి సోకి ఎర్రబడిన రక్తం ఎడమ వైపుకు చేరుతుంది. దాన్ని ఎడమ జఠరిక తల మొదలుకొని అరికాలి దాకా పంపుతుంది. ఊరకే కూర్చున్న మనిషిలో ఒక్కొక్క గది నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం తోడిపోస్తుంది. ఊపిరితిత్తులు పక్కనే ఉన్నాయి గనుక కుడి గది గోడ పలచన. ఎడమ గదిది దూరపు పని, దాని గోడ మందం. ఈ బొమ్మను ఈరోజు హైస్కూలు పిల్లలు రెండు రంగుల పెన్నులతో గీసి చూపిస్తారు.

అయితే 16వ శతాబ్దం నడిమి దాకా యూరపులో ఏ వైద్యశాలలోనూ ఈ బొమ్మ లేదు. 2వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గేలెన్ చెప్పిందే వేదం. ఆయన లెక్క ప్రకారం రక్తం కాలేయంలో పుడుతుంది. అందులో కొంత కుడి గదిలోకి వచ్చి, మధ్య గోడలో కంటికి కనబడని రంధ్రాల గుండా ఎడమ గదిలోకి ఊరుతుంది. ఆ రంధ్రాలను చూసినవాడు ఒక్కడూ లేడు. అయినా 1300 ఏళ్ళకు పైగా అవి ఉన్నాయనే పాఠం చెప్పారు. ఈజిప్టులోని కైరోలో పనిచేసిన ఇబ్న్ అల్ నఫీస్ అనే ముస్లిం వైద్యుడు 13వ శతాబ్దంలోనే అవి లేవని, రక్తం ఊపిరితిత్తుల మీదుగానే ఎడమ వైపుకు వెళ్తుందని రాశాడు. ఆ రాతప్రతి 1924లో బెర్లిన్ గ్రంథాలయంలో బయటపడేదాకా ఆయన సంగతి మరుగునే ఉండిపోయింది.

మైఖేల్ సెర్వేటస్ 1511 ప్రాంతంలో స్పెయిన్ దేశపు ఆరగాన్ సీమలో, విల్యానువేవా దె సిహేనా అనే ఊరిలో పుట్టాడు. తండ్రి దస్తావేజులు రాసే నోటరీ. కొడుకును న్యాయశాస్త్రం చదవమని ఫ్రాన్సులోని టూలూజ్‌కు పంపాడు. కుర్రవాడు అక్కడ చట్టాల కంటే బైబిలు ఎక్కువ చదివాడు. మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివి, త్రిత్వము అన్న మాట అందులో ఎక్కడా కనబడలేదని పట్టుకున్నాడు. యూదులనూ ముస్లింలనూ బలవంతాన మతం మార్చిన, వెళ్లగొట్టిన దేశం అతనిది. వారికి క్రైస్తవ్యానికీ మధ్య అడ్డంగా నిలిచింది ఈ బోధేనని కూడా అతనికి అనిపించింది. 1531లో, ఇరవై ఏళ్ళ వయసులో, త్రిత్వ బోధలో తప్పులున్నాయంటూ ఒక పుస్తకం అచ్చు వేయించాడు. కేథలిక్కులూ ప్రొటెస్టంట్లూ అప్పుడు ఏ విషయంలోనూ ఏకం కాలేదు గాని, ఆ పుస్తకాన్ని తిట్టడంలో మాత్రం ఏకమయ్యారు.

ఇక్కడ మా మాట స్పష్టంగా చెప్పాలి. సెర్వేటస్ బోధతో మేము ఏకీభవించము. ప్రతి ఆదివారం మన సంఘాలు ఒప్పుకునే విశ్వాస ప్రమాణమే మాదీ. పైగా అతని నోరు కూడా మంచిది కాదు. త్రిత్వాన్ని నమ్మేవారిని అతడు అన్న మాటలు ఈ పేజీలో రాయదగినవి కావు. అతణ్ణి పరిశుద్ధుడిగా నిలబెట్టాలని ఇది రాయడం లేదు.

ప్రాణభయంతో అతడు పేరు మార్చుకున్నాడు. పుట్టిన ఊరి పేరు పెట్టుకుని మిషెల్ దె విల్‌నెవ్ అయ్యాడు. లియోన్ పట్టణంలో అచ్చు కూటంలో ప్రూఫులు దిద్దాడు. టాలెమీ భూగోళ గ్రంథాన్ని 1535లో కొత్తగా కూర్చి ఇచ్చాడు. తరువాత పారిస్ వెళ్లి వైద్యం చదివాడు. శవాలను కోసి శరీర నిర్మాణం నేర్చుకున్న ఆ బడిలోనే, ఆధునిక శరీర శాస్త్రానికి తండ్రి అనిపించుకున్న వెసేలియస్ కూడా చదివాడు. వారి గురువు ఇద్దరినీ తన పుస్తకంలో మెచ్చుకున్నాడు. 1540 ప్రాంతంలో మన ఈ మిషెల్ వియెన్ అనే పట్టణంలో స్థిరపడ్డాడు. అక్కడి ఆర్చిబిషప్పుకే సొంత వైద్యుడయ్యాడు. పన్నెండేళ్ళు పైన ప్రశాంతంగా రోగులను చూసుకున్నాడు. అలాగే ఉండిపోయి ఉంటే మంచం మీదే చనిపోయేవాడు.

కాని రాత్రిళ్ళు రాస్తూనే ఉన్నాడు. జెనీవాలోని జాన్ కాల్విన్‌కు 1546 నుంచి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు, ముప్ఫై దాకా. తన రాతప్రతి పంపించాడు. కాల్విన్ తన ప్రసిద్ధ గ్రంథాన్ని పంపిస్తే, అంచుల నిండా తప్పులు ఎత్తి చూపి తిప్పి పంపాడు. కాల్విన్ విసిగిపోయాడు. ఆ మనిషి జెనీవాకు వస్తే, తన మాటకు విలువ ఉన్నంతవరకు ప్రాణాలతో తిరిగి పోనివ్వనని 1546లోనే స్నేహితుడు ఫారెల్‌కు రాశాడు. ఈ ఉత్తరం ఉండకపోయి ఉంటే బాగుండునని కాల్విన్‌ను గౌరవించే మాలాంటివారికి అనిపిస్తుంది. ఉంది మరి.

1553 జనవరిలో క్రైస్తవ్య పునరుద్ధరణ అనే అర్థమిచ్చే పేరుతో సెర్వేటస్ పుస్తకం వియెన్‌లో రహస్యంగా అచ్చయింది. సుమారు వెయ్యి ప్రతులు, 734 పుటలు. అందులో పరిశుద్ధాత్మను గూర్చిన భాగంలో అతడు ఒక ప్రశ్న వేసుకున్నాడు. దేహానికి ప్రాణం రక్తంలో ఉందని లేవీయకాండం 17వ అధ్యాయం చెబుతోంది. దేవుడు నరుని నాసికా రంధ్రాలలో జీవవాయువు ఊదాడని ఆదికాండం చెబుతోంది. ఊదిన గాలి రక్తంలో ఎక్కడ కలుస్తుంది? ఆత్మను గురించి తెలుసుకోవాలంటే రక్తం నడిచే దారి తెలియాలి గదా అని అతని ఆలోచన. అప్పుడు తాను పారిస్‌లో కోసి చూసిన గుండె గుర్తు చేసుకున్నాడు.

మధ్య గోడ రక్తం దాటడానికి తగినది కాదు అన్నాడు. కుడి గది నుంచి ఊపిరితిత్తులకు పోయే నాళాన్ని చూడండి, ఎంత లావుగా ఉందో అన్నాడు. ఊపిరితిత్తుల పోషణ కోసం మాత్రమే అయితే అంత నాళం అక్కరలేదు. రక్తం అంతా అటే పోతోంది, అక్కడ గాలితో కలిసి రంగు మారుతోంది, అక్కడి నుంచి ఎడమ గదికి వస్తోంది. ఇదీ అతని వాదన. గోడ గుండా ఏదో కాస్త చెమ్మలా ఊరితే ఊరవచ్చు అని మాత్రం చివర ఒక చిన్న సందు వదిలాడు. అంత పెద్ద బోధలను కాదన్న మనిషి గేలెన్‌ను మాత్రం పూర్తిగా కాదనలేకపోయాడు కాబోలు. ఏమైనా, యూరపు అచ్చులో ఆ దారి కనబడటం అదే మొదటిసారి. కొలంబో పుస్తకం 1559లో గాని రాలేదు. రక్తం ఒళ్ళంతా చుట్టి తిరుగుతుందని విలియం హార్వే చెప్పింది 1628లో.

పుస్తకం బయటికి వచ్చిన కొన్ని వారాలకే జెనీవా నుంచి ఒక ఉత్తరం లియోన్‌కు వెళ్లింది. రాసినవాడు కాల్విన్ స్నేహితుడు. వియెన్‌లో వైద్యుడిగా చెలామణి అవుతున్నవాడే సెర్వేటస్ అని అందులో ఉంది. రుజువుగా సెర్వేటస్ కాల్విన్‌కు రాసుకున్న సొంత ఉత్తరాలే తరువాత అక్కడికి చేరాయి. కేథలిక్కు విచారణాధికారులు ఏప్రిల్ 4న అతణ్ణి పట్టుకున్నారు. మూడో రోజు తెల్లవారుజామున చెర నుంచి తప్పించుకున్నాడు. మనిషి దొరక్క, జూన్‌లో వియెన్‌వారు అతని బొమ్మను, అతని పుస్తకాల కట్టలను కాల్చారు.

ఇటలీ వైపు పోవాలనుకున్నవాడు జెనీవా గుండా ఎందుకు వెళ్లాడో ఎవరికీ అంతుపట్టదు. 1553 ఆగస్టు 13 ఆదివారం. అతడు గుడికి వెళ్లాడు, కాల్విన్ ప్రసంగం వినడానికి. అక్కడే గుర్తుపట్టి పట్టించారు. కాల్విన్ కార్యదర్శి వాదిగా నిలిచాడు. అభియోగాలు కూర్చింది కాల్విన్. రెండున్నర నెలలు విచారణ. తనకు న్యాయవాదిని ఇమ్మని అడిగితే ఇవ్వలేదు. పేలు తినేస్తున్నాయని, బట్టలు చినిగిపోయాయని, మార్చుకోవడానికి వేరే లేవని చెరసాల నుంచి పట్టణ సభకు మొర పెట్టుకున్నాడు. అతడు కూడా కాల్విన్‌ను శిక్షించమనీ, ఆయన ఆస్తి తనకిమ్మనీ అడిగాడు. ఒద్దికైన ఖైదీ కాదు.

చివరికి తీర్పులో నిలిచిన నేరాలు రెండు. త్రిత్వాన్ని కాదనడం ఒకటి, శిశు బాప్తిస్మాన్ని కాదనడం రెండోది. ఈ రెండో నేరం దగ్గర మన ప్రాంతపువారు ఒక్క క్షణం ఆగాలి. ఆలూరు 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. బళ్ళారికి 1810లో వచ్చిన లండన్ మిషను వారి బోధకు వేళ్ళు జెనీవా దాకా పోతాయి. అటు కర్నూలులో అమెరికన్ బాప్టిస్టు మిషను నాటిన సంఘాలున్నాయి. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వకూడదన్నదే వారి పేరుకు మూలం. వీరూ వారూ ఈరోజు ఒకరి పెళ్ళిళ్ళకు ఒకరు వెళ్తారు, క్రిస్మసుకు కలిసి పాడతారు. ఆనాటి జెనీవాలో అయితే వీరిలో సగంమంది పట్టణం విడిచి పారిపోవలసి వచ్చేది.

అక్టోబరు 27న అతణ్ణి ఊరి బయట షాంపెల్ గుట్టకు నడిపించారు. కాల్విన్ పక్షంగా ఒక మాట చెప్పాలి. మంటకు బదులు తల తీయించమని ఆయన అడిగాడు, సభ వినలేదు. ఆయన అప్పటికి ఆ పట్టణంలో పౌరహక్కు కూడా లేని పాస్టరు. సలహా అడిగితే స్విట్జర్లాండులోని తక్కిన సంస్కరణ సంఘాలూ సెర్వేటస్‌ను తప్పుపట్టాయి. కాని మరణశిక్ష వద్దని మాత్రం కాల్విన్ అడగలేదు. ఫారెల్ గుట్ట దాకా వెంట నడిచాడు, మాట వెనక్కు తీసుకొమ్మని బతిమాలుతూ. సెర్వేటస్ తీసుకోలేదు. మంటలో నుంచి యేసును, నిత్యుడైన దేవుని కుమారుడని పిలిచి కరుణించమని వేడుకున్నాడు. నిత్యుడు అన్న మాటను తండ్రికి చేర్చాడు గాని కుమారునికి చేర్చలేదు. ఆ ఒక్క మాట చోటు మార్చి ఉంటే ప్రాణం దక్కేదని చాలామంది రాశారు.

వెయ్యి ప్రతులలో ఈనాడు ప్రపంచంలో మిగిలినవి మూడే అంటారు. పారిస్, వియన్నా, ఎడిన్‌బరో గ్రంథాలయాలలో ఉన్నాయి. రక్తం దారి గురించిన ఆ పుట 1694 దాకా లోకం కంటపడనే లేదు. అంటే హార్వేకు గాని, తరువాతి వైద్యులకు గాని ఆ పుస్తకం అందలేదు. 1554లోనే బాసెల్‌లో ఉన్న సెబాస్టియన్ కాస్టెల్యో అనే భక్తుడు, తప్పుబోధకులను చంపవచ్చునా అని గట్టిగా ప్రశ్నించాడు. ఆయన మాట చెవికెక్కడానికి మూడు వందల యాభై ఏళ్ళు పట్టింది. 1903 అక్టోబరు 27 తేదీతో, కాల్విన్ అనుచరులే షాంపెల్‌లో ఒక రాయి నాటించి, అది ఆ కాలపు తప్పు అని చెక్కించారు.

ఇక గోడ సంగతి. రంధ్రాలు లేవని తేలాక, రెండు గదులు దేని పని దానిదే అని వైద్యులు చాలాకాలం అనుకున్నారు. అదీ పూర్తి నిజం కాదని తరువాత తెలిసింది. 1873లో కుస్‌మౌల్ అనే జర్మన్ వైద్యుడు, గుండె చుట్టూ ఉండే సంచికి జబ్బు చేసినవారి చేయి పట్టి చూస్తే, ఊపిరి పీల్చినప్పుడల్లా నాడి సన్నగిలిపోవడం గమనించాడు. గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంది. ఊపిరి పీల్చినప్పుడు కుడి గదిలోకి రక్తం ఎక్కువ వస్తుంది. సంచి నిండా నీరు చేరి గుండె బయటికి ఉబ్బడానికి చోటు లేకపోతే, మధ్య గోడ ఎడమకు జరుగుతుంది. ఎడమ గది ఇరుకై, దానిలో నిండే రక్తం తగ్గుతుంది. మన దేశంలో ఆ సంచిలో నీరు చేరడానికి క్షయ ఒక ముఖ్య కారణం.

1910లో బెర్న్‌హైమ్ అనే ఫ్రెంచి వైద్యుడు దీనికి తిరగబడ్డ సంగతి చెప్పాడు. ఎడమ గది ఉబ్బి గోడను కుడి వైపుకు నెడితే, కుడి గది ఇరుకవుతుందని. 1914లో అమెరికాలో హెండర్సన్, ప్రిన్స్ అనే ఇద్దరు, గుండె మీద ప్రయోగం చేసి చూశారు. ఒక గదిని ఎక్కువ నింపితే రెండోది పంపే రక్తం తగ్గింది. ఇది చెరుపు. మేలు కూడా ఉంది. రెండు గదులకూ కండపోగులు ఉమ్మడివి. ఎడమ గది బిగిసినప్పుడు గోడతో పాటు కుడి గదినీ లాగుతుంది. కుడి గది పుట్టించే ఒత్తిడిలో 20 నుంచి 40 శాతం ఎడమ గది సాయమేనని తరువాతి ప్రయోగాలు తేల్చాయి. రక్తపు చుక్క దాటని గోడ మీదుగానే ఇంత ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతోంది.

బేతంచెర్ల వైపు రాళ్ళు కోసే చోట దుమ్ము పీల్చేవారూ, కిటికీ లేని వంటింట్లో ఏళ్ళ తరబడి కట్టెల పొగ పీల్చే మన అక్కచెల్లెళ్ళూ తెలుసుకోవలసిన సంగతి కూడా ఇందులో ఉంది. ఊపిరితిత్తులు గట్టిపడితే కుడి గదికి బరువు పెరుగుతుంది. అది ఉబ్బి గోడను ఎడమకు నొక్కితే, ఏ జబ్బూ లేని ఎడమ గది కూడా సరిగా నిండదు. కాళ్ళ వాపునూ ఆయాసాన్నీ వయసు మీద వేసి ఊరుకోకండి. ఒకసారి చూపించుకోండి.

ఆలూరు పెద్దమ్మకు ఇప్పుడు జవాబు చెప్పగలం. ఎడమ కవాటం సన్నబడితే రక్తం ముందుకు పోలేక ఊపిరితిత్తుల్లో నిలిచిపోతుంది. అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ఎదురు తోయలేక కుడి గది పెద్దదవుతుంది. అదే ఒళ్ళు నీరు పట్టడానికి కారణం. జబ్బు గోడ దాటి రాలేదు. ఊపిరితిత్తుల మీదుగా చుట్టు తిరిగి వచ్చింది, సెర్వేటస్ ఆ పుటలో రాసిన దారినే, వెనక్కు నడిచి. అలా పెద్దదైన కుడి గది మధ్య గోడను నొక్కి, ముందే చాలీచాలని ఎడమ గదికి ఇంకాస్త ఇరుకు చేస్తుంది.

ఈ సంగతి ఆమె కూతురికి ఫోనులో చెప్పాము. ఆమె శ్రద్ధగా విని, తల్లికి మళ్ళీ తన మాటల్లో చెప్పడం మాకు వినిపించింది. బెలూనుతో కవాటం వెడల్పు చేయవచ్చునని డాక్టర్లు అన్నారట, వచ్చే నెలలో కర్నూలుకు రమ్మన్నారట. గుంటూరు వెళ్లిన కొడుకు ఆ సమయానికి వస్తాడు. ఉప్పు తగ్గించమన్న మాట మాత్రం పెద్దమ్మకు నచ్చలేదు. ఊరగాయ లేకుండా జొన్నరొట్టె ఎలా దిగుతుందని అవతల నుంచి అడుగుతోంది.